పిన్ని పేర పడిన చీటీ

మా క్రైస్తవ సంఘంలో కోతకాలపు పండుగనాడు ఎవరి పొలంలో, తోటలో పండింది వాళ్లు తెచ్చి మందిరంలో బల్ల ముందు పెడతారు. వరికంకుల కట్టలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, కొబ్బరికాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెడితే, బజారులో దొరికే ధరకు రెండింతలు పెట్టి పాడుకుని సంతోషంగా ఇంటికి పట్టుకెళ్తారు.

ఆ ఏడు బల్ల ముందు రెండు కొబ్బరి రాశులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మాస్టారిది. ఆయన రిటైరయిన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. కాయలు నున్నగా, పెద్దగా, పచ్చగా మెరుస్తున్నాయి. రెండోది కాలవ గట్టు పిన్నిది. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ కాలవ గట్టు మీద ఇల్లు కాబట్టి ఊరందరికీ ఆమె ఆ పేరుతోనే తెలుసు. ఆమె కాయలు చిన్నవి. పైతోలు గోధుమరంగుకు తిరిగి, పగిలి, ముడుచుకుపోయి ఉంది. కొన్ని బత్తాయిల కంటే కాస్త పెద్దవి, అంతే.

మాస్టారు లేచి మైకు ముందు సాక్ష్యం చెప్పారు. "కోనసీమ అంతా నల్లి తెగులుతో ఏడుస్తూంటే నా తోట గట్టు దాటి ఒక్క పురుగు లోపలికి రాలేదండీ. పూర్వం ఐగుప్తులో తెగుళ్లు వచ్చినప్పుడు దేవుని ప్రజలున్న చోటుకి అవి రాలేదు. ఎందుకంటారు? మోకాళ్ల మీద ఉన్నవాడి తోటకి దేవుడే కంచె అండీ!"

సంఘమంతా ఆమేన్ అంది. పిన్ని కూడా అంది. ఆమె పక్కనే కూర్చున్నాను కాబట్టి విన్నాను.

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నోట్లో చేదు ఊరుతుంది. అబద్ధాలు చాలా విన్నాను. దేవుణ్ణి సాక్షిగా పెట్టి, ఆయన్నే కాపలాదారుగా చేసి, ఆయన పేరుతో ఒక పేదరాలిని చిన్నబుచ్చే అబద్ధం వేరు. దానికి వాసన ఉంటుంది.

ఇదంతా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజోలు దగ్గర మా ఊళ్లో జరిగింది. మా నాన్నగారు మిషన్ స్కూలు టీచరు. నేను డిగ్రీ చదివి, కొన్నాళ్లు వాక్య శిక్షణ తీసుకుని, ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. అప్పుడే ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది. మెట్ట జిల్లాల్లో చిన్న పత్తి రైతుల చేత పురుగుమందులు మాన్పించి, ఆ పత్తిని న్యాయమైన ధరకు కొనే పైదేశపు కంపెనీలతో వాళ్లను కలిపే సంస్థ అది. పని నేర్చుకోవడానికి నన్ను రెండు పంటకాలాల పాటు ఆ పత్తి చేలకు పంపారు.

పచ్చటి కాలవల మధ్య పెరిగిన నేను ఆ ఎర్రటి ఎండలో చూసింది మరిచిపోలేను. మందు కొట్టిన చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్లు అదే కొంగుతో మొహం తుడుచుకునేవారు, ఆ చేతులతోనే చద్దన్నం కలుపుకునేవారు. మందు డబ్బాను కడిగి అందులోనే తాగే నీళ్లు పట్టుకునేవారు. ఆ ఘాటు నా జుట్టులోకి, పరుపులోకి, చివరికి ప్రార్థనలోకి వచ్చేసింది. మందులు మానేసిన రైతులు మొదటి ఏడు ఎంత భయపడ్డారో, రెండో ఏడు చేలోకి పిచ్చుకలు తిరిగొచ్చాయని ఎంత మురిసిపోయారో కూడా చూశాను. ఇది ఉద్యోగం కాదు, పిలుపు అనుకున్నాను. భూమి యెహోవాది, అందులో విషం పోసే హక్కు మనకు లేదు అని నాకు అనిపించింది. ఇప్పటికీ అంతే.

మాకు పత్తి పండదు. మాకు వరి, కొబ్బరి. పత్తితో చేసిందే కొబ్బరితోనూ చేద్దామన్నారు సంస్థవాళ్లు. మందులు వాడని కొబ్బరి నుంచి తీసిన నూనెకు పైదేశంలో సబ్బులు చేసే కంపెనీ ఒకటి మంచి ధర ఇస్తానంది. చిన్న రైతులందరూ ఒక సొసైటీగా చేరాలి. ఎవరి తోటలోనూ మందు పడకూడదు. అందరి కాయలూ ఒకే రాశిలో పోసి, ఒకే నూనె తీస్తారు. ఒక్కరు తప్పితే అందరూ తప్పినట్టే. అందుకని ప్రతి సభ్యుడి తోటనూ మిగతా సభ్యులు వంతులవారీగా చూసి రావాలని నియమం పెట్టారు.

మా ఊళ్లో సొసైటీలో చేరినవాళ్లంతా మా సంఘం వాళ్లే. మాస్టారే సెక్రటరీ. ఒక ఆదివారం అందరినీ బల్ల ముందు నిలబెట్టి, భూమికి విషం పెట్టబోమని ప్రమాణం చేయించారు. నేను ఏడ్చాను, సంతోషంతో. పత్తి చేలల్లో రైతులు కాగితాల మీద వేలిముద్రలు వేశారు. మావాళ్లు దేవుని ఎదుట మాట ఇచ్చారు. అంతకంటే గట్టి ఒప్పందం ఏముంటుంది?

ఆ ప్రమాణమే మా కొంప ముంచింది. తోటలు చూసి వచ్చే నియమం గురించి నేను చెప్పగానే మాస్టారు నవ్వారు. "విశ్వాసి మీద విశ్వాసి తనిఖీ ఏంటమ్మా? మాటిచ్చేం కదా. సరే, నియమం అన్నారు కాబట్టి చిన్నవాళ్ల తోటలు చూసి రండి. పెద్దల తోటల్లోకి వెళ్లి నేల గీకి చూడ్డం అంటే సంఘాన్ని అవమానించినట్టేగా." ఎవరూ కాదనలేదు. అది గౌరవం అనుకున్నారు. మరో ఊరైతే, మరో మతం వాళ్లయితే, ఒకరి తోటలోకి ఒకరు తొంగి చూసేవాళ్లేమో. మేం మాత్రం పరిశుద్ధుల సహవాసం అనుకుని కళ్లు మూసుకున్నాం.

నల్లి అనేది కంటికి కనపడని పురుగు. కాయ పిందెగా ఉన్నప్పుడే తొడిమ కింద చేరి రసం పీలుస్తుంది. కాయ ఎదగదు, పగిలిపోతుంది. ఆ రోజుల్లో అది కోనసీమ మొత్తాన్ని పట్టింది. దానికి మందు పైన కొట్టి లాభం లేదు, చెట్టు ఎత్తు. అందుకని చెట్టు మొదట్లో మట్టి తవ్వి, ఒక పచ్చి వేరును ఏటవాలుగా కోసి, మందు పోసిన చిన్న ప్లాస్టిక్ సంచిలో ఆ వేరు కొన ముంచి, దారంతో కట్టి, మట్టి కప్పేస్తారు. చెట్టు ఆ మందును పీల్చుకుంటుంది. పైకి ఏమీ తెలీదు. మట్టి సర్దేస్తే ఎవరికీ కనపడదు. మందు కట్టాక నెలన్నర దాకా ఆ చెట్టు కాయ దింపకూడదు, తినకూడదు.

మేం మాత్రం వేపపిండి వేశాం, జనుము చల్లి దున్నాం, వెల్లుల్లి కలిపిన వేపనూనె పిందెల మీద చల్లించాం. కాస్త తగ్గింది గానీ పోలేదు. పిన్నిది చిన్న తోట, మాస్టారి పెద్ద తోటను ఆనుకునే ఉంటుంది. భర్త పోయాక ఆమె బతుకు ఆ చెట్ల మీదే. చెట్టు చెట్టుకూ ఆమె చేసిన చాకిరీ నేను చూశాను. దింపు కార్మికుణ్ణి బతిమాలి చెట్టెక్కించి, కింద నిలబడి, "ఆ గెలకి కూడా చల్లరా నాయనా, అది అలుగుతుంది" అని అరిచేది.

కోతకాలపు పండుగ తరువాత పంపు దగ్గర ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. నేను బిందె పట్టుకుని వెనకే ఉన్నాను.

"మాస్టారి తోటకి రాంది నీ తోటకి ఎందుకొచ్చిందో ఆలోచించుకో వదినా," అంది ఒకామె. "ఒప్పుకోని పాపం ఏదన్నా ఉందేమో."

"ఉందమ్మా," అంది పిన్ని. "మొన్న నీ కోడి మా పెరట్లో గుడ్డెడితే నీకు చెప్పకుండా అట్టేసుకు తిన్నాను. నల్లి దానికే వచ్చినట్టుంది."

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. అయితే ఆ వారం నుంచి ఆమె శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. నాకు తెలిసి అడిగితే, "ఏమో అమ్మాయ్, నాకు తెలీకుండా ఏదన్నా ఉందేమోనని," అంది. నా వాక్య శిక్షణ అంతా ఉపయోగించి అలా కాదని చెప్పాను. ఆమె వింది గానీ ఉపవాసం మానలేదు. పక్క తోటలో ఏపుగా ఉన్న కాయలు ఆమెకు నా మాటల కంటే గట్టి ప్రసంగం.

కొన్నాళ్లకు పిడుగు పడింది. మా నూనెలో పురుగుమందు ఉందని పరీక్షలో తేలిందట. సంస్థ నుంచి ఒకాయన అమలాపురం దాకా బస్సులోనూ, అక్కణ్ణుంచి ఆటోలోనూ వచ్చి చెప్పాడు. ఎవరి తోటలో మందు పడిందో మీరే తేల్చి, వాళ్లను తప్పిస్తే మిగతావాళ్లు కొనసాగవచ్చు. తేల్చలేకపోతే అందరూ పోయినట్టే.

ఆ సాయంత్రం ప్రార్థన మందిరంలో మీటింగు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆయన పక్కన మాస్టారు, మిగతా ఇద్దరు పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. మేమంతా చాపల మీద. నేను లేచి చెప్పాను. "ఇందులో తేల్చడానికి ఏముందండీ? మందు వేరుకే కడతారు. అందరి తోటల్లోనూ చెట్ల మొదళ్లు తవ్వి చూద్దాం. సంచి ఉంటే కనపడుతుంది."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయ్ చదువుకున్నది కాబట్టి అలా అంటాది. పార పట్టుకుని ఒకరి తోటలోకి ఒకరు వెళ్తే ఈ సంఘం మళ్లీ కలుస్తాదా అండీ? మనం మనుషుల్ని వెదకడం కాదు, దేవుణ్ణి అడుగుదాం. ఓడలో తుఫాను ఎవరివల్ల వచ్చిందో తెలియక పూర్వం ఏం చేసేరు? చీట్లు వేసేరు. అపొస్తలులు ఏం చేసేరు? చీట్లు వేసేరు."

"ఆయ్, నిజమేనండీ," అన్నారు చాలామంది. కొందరి మొహాల్లో బరువు దిగినట్టు కనిపించింది. తవ్వక్కర్లేదు, ఎవరితోనూ చెడక్కర్లేదు, దేవుడే చెప్తాడు.

చీటీ మీద నాకు నమ్మకం ఉంది. ఇప్పటికీ ఉంది. నిజంగా ప్రార్థించి వేసిన చీటీని దేవుడు తిప్పగలడు. నేల తవ్వితే దొరికేదాన్ని తవ్వకుండా ఉండటానికి దేవుణ్ణి పిలవడం ప్రార్థన కాదు, ఆయన్ను తెరలా వాడుకోవడం. గుడారంలో దొంగసొత్తు పాతిపెట్టిన మనిషి కథ నేనే పిల్లలకు చెప్పేదాన్ని. అందులో చీటీ పడిన తరువాత కూడా మనుషులు పరుగెత్తి వెళ్లి నేల తవ్వి చూశారు. మావాళ్లకు చీటీ గుర్తుంది, తవ్వడం గుర్తు లేదు.

బిస్కెట్ల డబ్బాలో చీట్లు వేశారు. సుదీర్ఘంగా ప్రార్థన చేసింది మాస్టారే. అయ్యగారు కళ్లు మూసుకుని ఒక చీటీ తీశారు, విప్పారు, చదివారు. కాలవ గట్టు పిన్ని పేరు.

ఆమెకు అర్థం కాలేదు. "ఎవరండీ?" అంది.

అయ్యగారు మళ్లీ చదివారు.

"నేను కట్టలేదండీ. మందు కొనే స్తోమతే లేదండీ నాకు. నా కాయలు చూడండి, మందు తాగిన కాయల్లా ఉన్నాయా?"

"దేవుడు తప్పు చెప్తాడా అమ్మా?" అన్నారు మాస్టారు మెత్తగా.

"దేవుడు చెప్పలేదండీ. డబ్బా చెప్పింది," అంది పిన్ని.

అప్పుడు నాకు తట్టింది. లేచి, "పెద్దల పేర్లు డబ్బాలో వేసేరా అండీ?" అని అడిగాను.

ఒక పెద్ద రెండో పెద్ద వైపు చూశాడు. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని, "చీట్లు నడిపేవాళ్లం మేం కదమ్మా. నడిపేవాళ్ల పేర్లు వేస్తే నడిపేదెవరు?" అన్నారు. చాపల మీదున్న వాళ్లలో కొందరు తల ఊపారు. అంత తెలివితక్కువ మాటకు మనుషులు తల ఊపడం చూశాక, వాళ్లకు నేను అన్నేళ్లు వాక్యం ఏం చెప్పానా అనిపించింది. డబ్బాలో లేని పేరును దేవుడు ఎక్కణ్ణుంచి తీస్తాడు?

పిన్నిని సొసైటీ నుంచి తీసేశారు. ఆమె దానికి పెద్దగా బాధపడలేదు. కాయల్ని మామూలు కొట్టుకే వేసుకుంటానంది. ఆదివారం అయ్యగారు మైకులో ఇంకో మాట చెప్పారు. పాపం ఒప్పుకునే వరకు ఆమెను ప్రభువు బల్లకు రానివ్వకుండా ఆపుతున్నామని. పెద్ద నేరాలకు మాత్రమే సంఘం వేసే శిక్ష అది. నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజున పిన్ని కట్టుకునే తెల్లచీర ఒకటుండేది. వేరే రోజున దాన్ని ముట్టేది కాదు. ముందురోజు ఇస్త్రీ కోసం బజారుకు పంపేది. భర్తను పాతిపెట్టిన మర్నాడు మొదటి ఆదివారమైతే, అందరూ వద్దంటున్నా వచ్చి బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఆమె దగ్గర నుంచి తీసేసుకున్నది అది.

మందిరం బయట కొబ్బరిచెట్టుకు కట్టిన మైకు డబ్బాలోంచి ఆ ప్రకటన ఊరంతా వినపడింది. మర్నాడు నేను రోడ్డు మీద వెళ్తూంటే మా వీధి చివరి కామందు ఒకాయన, వేరే మతం ఆయన, అరుగు మీద నుంచి పలకరించాడు. "ఏంటమ్మా, మీ దేవుడూ మా పంచాయతీలాగే ఉన్నాడే. పెద్దోళ్ల జోలికి రాడన్నమాట." మా దేవుడి మీద అలాంటి మాట పడేలా చేసినవాళ్ల మీద నాకు కలిగినది కోపం కాదు. కోపం శుభ్రంగా ఉంటుంది. ఇది కాలవలో చచ్చిన కుక్క తేలినప్పుడు కలిగేలాంటిది.

పిన్ని ఏడ్చి కూర్చోలేదు. రెండు మూడు రోజులకు అయ్యగారి అరుగు దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను.

"అయ్యగారూ, నేను ఒప్పుకోవాలన్నారు కదా. ఏం ఒప్పుకోమంటారో చూపించండి. నా తోటంతా తవ్వండి. ఒక్క సంచి దొరికినా మైకులో నేనే చెప్తాను."

అయ్యగారు మంచివాడే, పిరికివాడు. మాస్టారిని అడిగి చెప్తానన్నాడు. పిన్ని కదల్లేదు. "ఆయన్ని అడిగితే ఆయన మళ్లీ డబ్బాని అడుగుతారండీ. మీరే చెప్పండి," అంది. ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వాక కాదనలేకపోయాడు.

శనివారం పొద్దున్నే సంఘంలో మగవాళ్లు పారలు, గునపాలు పట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు చూడ్డానికి వచ్చారు. మాస్టారు కూడా వచ్చి, గొడుగు వేసుకుని, ఎవరో తెచ్చిన కుర్చీలో కూర్చున్నారు. ఒక్కో చెట్టు మొదట్లో తవ్వుతూంటే ఎర్రటి వేళ్లు బయటపడేవి. ఏదీ కోసి లేదు, దేనికీ దారం ముడి లేదు.

"ఆ మూల చెట్టు వదిలేసేరే, దానికేం మొహమాటం లేదు, తవ్వండి," అని పిన్ని తిరిగి తిరిగి చూపించింది. అదీ తవ్వారు. ఏమీ లేదు.

పిన్ని కొంగు నడుముకు దోపుకుని, రెండు తోటల మధ్య కొబ్బరాకుల దడి వైపు చెయ్యి చూపింది. "చీటీ నా పేర పడిందన్నారు. నా తోటలో లేదు. మరి ఆ తోట ఒకటి ఉంది కదండీ పక్కనే."

మనుషులు దడి దాకా వెళ్లారు. అక్కడ ఆగిపోయారు. పారలు భుజాల మీదే ఉన్నాయి. పదిమంది మగవాళ్లు, అందరూ కండలు తిరిగినవాళ్లే, నడుము ఎత్తు లేని ఎండాకుల దడి ముందు నిలబడి కాళ్ల వైపు చూసుకుంటున్నారు. చివరికి ఒకాయన, "పొద్దెక్కిపోయింది, మళ్లీ చూద్దాం," అన్నాడు.

నేను ఆయన చేతిలో పార తీసుకున్నాను. ఆయన ఇచ్చేశాడు, వదిలించుకున్నట్టుగా.

"ఆగమ్మా," అన్నారు మాస్టారు కుర్చీలోంచే. "అడ్డదిడ్డంగా తవ్వితే వేళ్లు తెగిపోతాయి."

"అవి ఇప్పటికే తెగుంటే నేను తెంపక్కర్లేదు కదండీ," అని దడి దాటాను. చీర అంచు ఈనెలకు పట్టుకుంది, లాక్కున్నాను.

మొదటి చెట్టు కింద మట్టి గట్టిగా ఉంది. రెండో చెట్టు కింద మెత్తగా ఉంది. కొద్దిగా తవ్వగానే పార అంచుకు ప్లాస్టిక్ తగిలింది. కూర్చుని చేత్తో మట్టి తీశాను. ఏటవాలుగా కోసిన వేరు, దానికి దారంతో కట్టిన సంచి, అడుగున ఇంకా కాస్త మందు. పైకి తీయగానే ఆ ఘాటు కొట్టింది. కళ్లు మూసుకుంటే పత్తి చేలో ఉన్నట్టే ఉంది. ఇంకో చెట్టు తవ్వాను, అక్కడా అంతే.

సంచి పట్టుకుని లేచి ఇటు తిరిగాను. ఏదో ఒకటి అనడానికి నోరు తెరిచాను. అప్పుడు మాస్టారు కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద పడి, చేతులు పైకెత్తి, గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా! పరలోకపు తండ్రీ! నీ దాసుడు శోధనలో పడిపోయేడయ్యా!"

ప్రార్థన వినపడగానే మావాళ్లకు కళ్లు మూతలు పడతాయి. అది చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు. పారలు కిందపెట్టి, తలలు వంచి, అందరూ కళ్లు మూసుకున్నారు. ఆడవాళ్లు కొంగులు తలల మీదికి లాక్కున్నారు. విషం కారుతున్న సంచి చేత్తో పట్టుకుని నేను దడి అవతల నిలబడి ఉన్నాను, చూసేవాళ్లు లేరు. కళ్లు తెరిచి ఉన్నది నేనూ, పిన్నీ. ఇద్దరం ఒకరి వైపు ఒకరం చూసుకున్నాం. జీవితంలో ప్రార్థన అంటే నాకు అసహ్యం వేసింది ఆ ఒక్కసారే. తుపాకీకి అడ్డం పెట్టుకోవడానికి చంటిబిడ్డను ఎత్తుకున్నవాణ్ణి చూసినట్టు ఉంది.

మరుసటి ఆదివారం మాస్టారు మైకు ముందు పశ్చాత్తాప సాక్ష్యం చెప్పారు. నల్లి రాలేదన్న సాక్ష్యం కంటే ఇది ఇంకా బాగా చెప్పారు. గొంతు ఎక్కడ పగలాలో అక్కడ పగిలింది. ఆడవాళ్లు ఏడ్చారు. తప్పిపోయి దొరికిన గొర్రె గురించి అయ్యగారు ప్రసంగించారు. ఆరాధన అయ్యాక మగవాళ్లు వరుసకట్టి ఆయన్ను కౌగలించుకున్నారు. అంత పెద్దమనిషి అంతలా తగ్గించుకున్నాడని ఊరంతా చెప్పుకుంది. ఆయనకు అంతకుముందు కంటే గౌరవం పెరిగింది. అప్పటికే సంస్థవాళ్లు, తోటలు తవ్వకుండా చీట్లు వేసి వేరే మనిషిని తీసేసిన సంగతి విని, మా సొసైటీ కాయలు మొత్తానికే మానేశారు. ఆ నష్టం కూడా, ఎవరి పాపం వల్లనో కాకుండా, కాలమహిమ వల్ల వచ్చినట్టు మాట్లాడుకున్నారు.

పిన్ని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె తప్పు చేయలేదని ఎవరూ చెప్పలేదు. అయ్యగారు దారిలో కనపడినప్పుడు, "అంతా తెలిసిపోయింది కదమ్మా, ఇంక మొదటి ఆదివారం వచ్చేయండి," అన్నారట, సైకిలు మీద నుంచి దిగకుండానే.

మొదటి ఆదివారం పిన్ని తెల్లచీర కట్టుకుని వచ్చి ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. మా దగ్గర పెద్దలే పళ్లెం పట్టుకుని వరుస వరుసకూ వస్తారు. ఆడవాళ్ల వైపు వచ్చింది మాస్టారు. ఆయన్ను ఆ పని నుంచి ఒక నెల కూడా తప్పించలేదు.

పళ్లెం ఆమె ముందుకొచ్చింది. పిన్ని చెయ్యి చాపలేదు. తల కూడా ఎత్తలేదు. "అయ్యగారూ," అని పిలిచింది.

అయ్యగారు బల్ల దగ్గర నుంచి ఇటు చూశారు.

"నన్ను ఆపినప్పుడు మైకులో చెప్పేరండి. కలుపుకునేటప్పుడు కూడా మైకులోనే చెప్పాలి కదండీ."

"మళ్లీ మాట్లాడుకుందాం అమ్మా, ఇది పరిశుద్ధమైన సమయం," అన్నారు ఆయన మెల్లగా.

"అందుకేనండీ ఇప్పుడే అడుగుతున్నాను."

మాస్టారు ఆమె ముందు వంగి పళ్లెం పట్టుకునే ఉన్నారు. నడుము నొప్పి మనిషి, మొహం ఎర్రబడింది. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. వెనక వరుసలో ఎవరో దగ్గారు. నేను, "చెప్పండి అయ్యగారూ," అన్నాను. ఇంకో మూలనుంచి ఒక ముసలామె, "చెప్పండి బాబూ, రొట్టె ఎండిపోతాంది," అంది.

అయ్యగారు మైకు దగ్గరికి వచ్చారు. ఈ సహోదరి ఏ తప్పూ చేయలేదని, సంఘం ఆమెను ఆపడం పొరపాటని, చీట్లు వేయడం పెద్దల పొరపాటని చెప్పారు. మూడో మాట ఆమె అడగలేదు. ఆయనే చెప్పారు. ఆ ఒక్క మాటకు ఆయన్ను నేను క్షమించాను.

పిన్ని రెండు చేతులూ దోసిలి పట్టి, రొట్టె తీసుకుని, కళ్లు మూసుకుంది.

పళ్లెం నా ముందుకొచ్చింది. మాస్టారి వేళ్లు చూశాను. గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ముందుకు వెళ్లిపోయారు.

ఇంటికి నడుస్తూ కాలవ గట్టు మీద పిన్ని నన్ను చీవాట్లు పెట్టింది. "నేనంత రభస చేసి తీసుకుంటే నువ్వు మానేస్తావా? చూసినవాళ్లు ఆ మందు నువ్వే కట్టేవేమో అనుకోరూ?"

"ఆయన చేతిలోంచి తీసుకోవడం నావల్ల కాదు పిన్నీ. రోత."

"నాకు మాత్రం కాదా? ఆయన మొహం నా మొహం ముందు పెట్టి నిలబడితే, పొద్దున్న తిన్న ఇడ్లీ కదిలింది." కాస్త దూరం నడిచాక అంది. "కానీ నాకు ఆకలేసిందే అమ్మాయ్. నెల దాటిపోయింది. ఆ రొట్టె ఆయనదా ఏంటి?"

ఇంట్లో ఆ మాట మీద చాలా రోజులు పోట్లాడుకున్నాను, నాతో నేనే. వాక్య శిక్షణలో చెప్పిందీ అదే, వడ్డించేవాడి మంచితనం మీద ఆ రొట్టె ఆధారపడదని. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

తరువాతి నెల మొదటి ఆదివారం వెళ్లి పిన్ని పక్కనే కూర్చున్నాను. పళ్లెం పట్టుకుని వచ్చింది మాస్టారే. పిన్ని తీసుకుంది. నేనూ తీసుకున్నాను. మింగడానికి చాలాసేపు పట్టింది.